కీబోర్డు, మౌస్: ఒంటికి నప్పే అమరిక

గంటల తరబడి కంప్యూటర్ ముందు పనిచేసేవారికి చేతులు, భుజాలు, మెడ నొప్పి పుట్టకుండా కీబోర్డును, మౌస్‌ను ఎంచుకోవడం, వాటిని బల్లమీద సరైన చోట పెట్టుకోవడం ఎర్గొనామిక్స్‌లో ఒక భాగం. పనిముట్టును మనిషికి అనువుగా మలిచే శాస్త్రం అది. ‘ఎర్గొనామిక్’ అన్న ముద్రతో దుకాణాల్లో దొరికే సరుకులో కొంత నిజంగానే మేలు చేస్తుంది. అయితే బల్ల ఎత్తు తప్పినా, మౌస్ చెయ్యి చాపితే గాని అందకపోయినా ఎంత ఖరీదైన కీబోర్డూ ఆ లోటును పూడ్చలేదు. అందుకే ఎంపిక దుకాణంలో కాదు, కూర్చున్న కుర్చీలో మొదలవ్వాలి. ముందు ఎత్తు, తర్వాత దూరం, ఆపైన మీటల బరువు, చివరికి ఆకారం. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, ఆకారం చూసి కొని, నొప్పి అలాగే ఉందని వాపోతుంటారు.

పూర్వ చరిత్ర

రాతపనితో చెయ్యి నొప్పెట్టడం కంప్యూటర్‌తో మొదలైంది కాదు. వృత్తుల వల్ల వచ్చే జబ్బులపై ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని రాసిన గ్రంథం 1700లో వెలువడింది. 1713 నాటి మలి ముద్రణలో ఆయన లేఖకుల గురించి విడిగా రాశాడు. కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఎడతెగకుండా ఒకే తీరున ఆడటం, తప్పు దొర్లకూడదన్న మనసు ఒత్తిడి వాళ్ల బాధలకు మూలమన్నాడు. ఈనాటి డేటా ఎంట్రీ ఉద్యోగి గురించి రాయాలన్నా ఈ మూడింటినే రాయాలి.

అమెరికాలోని మిల్వాకీలో క్రిస్టఫర్ లేథమ్ షోల్స్, ఆయన సహచరులు 1868లో టైప్‌రైటర్‌కు పేటెంట్ పొందారు. రెమింగ్టన్ సంస్థ దాన్ని 1874 నాటికి అమ్మకానికి పెట్టింది. నేటి క్వెర్టీ వరుసకు మూలం ఆ యంత్రమే. మీటల కింద నుంచి వెళ్లే కడ్డీలు ఒకదానికొకటి తగలకూడదని ఒక్కో వరుసను కాస్త పక్కకు జరిపి పేర్చారు. కడ్డీలు పోయి ఎంతో కాలమైనా ఆ ఏటవాలు పేర్పు పోలేదు. ఎడమచేతి వేళ్లు కింది వరుసకు దిగేటప్పుడు మణికట్టు వంకర తిరగడానికి అదీ ఒక కారణం.

టైప్‌రైటర్ మీటలు బరువైనవే, కానీ ఆ యంత్రం చేతులకు విరామం ఇచ్చేది. పంక్తి చివర గంట మోగగానే క్యారేజీని వెనక్కి తోయాలి, పేజీ అయిపోతే కాగితం మార్చాలి. తెలుగు ఊళ్ల టైపు ఇన్‌స్టిట్యూట్లలో మణికట్టు దేనికీ ఆనించకుండా వేళ్లతో కొట్టమని నేర్పేవారు. కంప్యూటర్ వచ్చాక మీటలు తేలికయ్యాయి, విరామాలు పోయాయి, మణికట్టు బల్ల అంచున వాలిపోయింది. 1980ల్లో ఆస్ట్రేలియాలో టైపు ఉద్యోగుల్లో చేతినొప్పి ఫిర్యాదులు వెల్లువెత్తి, ఆర్‌ఎస్‌ఐ అన్న మాట పత్రికలకెక్కింది. పదే పదే చేసే ఒకే పని వల్ల కలిగే హానికి అది పొట్టిపేరు.

మౌస్ కథ వేరు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహకు బిల్ ఇంగ్లిష్ 1964లో రూపమిచ్చాడు. చెక్క డొల్ల, దాని అడుగున ఒకదానికొకటి అడ్డంగా తిరిగే రెండు చక్రాలు, పైన ఒక మీట. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దాన్ని జనం ముందు ఆడించి చూపినప్పుడు ఆయన ఎడమచేతి కింద అయిదు మీటల చిన్న పలక ఒకటి ఉంది. కుడిచేయి మౌస్‌తో చూపిస్తుంటే ఎడమచేయి ఆ పలకతో ఆదేశాలివ్వాలన్నది ఆయన ఆలోచన. మౌస్ నిలిచింది, ఆ పలక నిలవలేదు. భారమంతా ఒక్క చేతిమీద పడటం అక్కడి నుంచే మొదలైందని చెప్పవచ్చు. పరికరాన్ని కదపకుండా, దానిలోని బంతిని తిప్పి పాయింటర్‌ను నడిపే ట్రాక్‌బాల్ ఇంకా పాతది. కెనడా నౌకాదళం కోసం 1952లో డేటార్ వ్యవస్థను తయారుచేసిన ఇంజినీర్లు అందులో బౌలింగ్ ఆట బంతినే వాడారు.

చేతి లోపల

అరచేతి వైపున మణికట్టు దగ్గర ఒక ఇరుకైన దారి ఉంటుంది. అడుగున, పక్కల చిన్న ఎముకలు, పైన గట్టి పట్టీ. ఆ దారిని కార్పల్ టన్నెల్ అంటారు. వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు, అంటే కండరాలను ఎముకలకు కలిపే తాళ్లు, వాటితోపాటు మీడియన్ నరం అందులోంచే వెళ్లాలి. మణికట్టు నిటారుగా ఉన్నప్పుడు లోపల ఒత్తిడి తక్కువ. చెయ్యిని పైకి విరిచినా, కిందికి వంచినా, పక్కకు తిప్పినా ఒత్తిడి పెరుగుతుంది. నరం నలిగితే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి.

కీబోర్డు వల్లే కార్పల్ టన్నెల్ జబ్బు వస్తుందన్న నమ్మకం జనంలో గట్టిగా పాతుకుపోయింది. ఆధారాలు మాత్రం దాన్ని అంతగా సమర్థించవు. డెన్మార్క్‌లో 6,943 మంది ఉద్యోగులను ఏడాదిపాటు గమనించిన అధ్యయనం 2003లో వెలువడింది. టైపింగ్‌కూ ఈ జబ్బుకూ సంబంధం అందులో తేలలేదు. వారానికి 20 గంటలకు మించి మౌస్ వాడేవారిలో మాత్రం తిమ్మిర్ల లక్షణాలు ఎక్కువగా కనబడ్డాయి. పీటర్ కీర్, జోయెల్ బాక్, డేవిడ్ రెంపెల్ 1999లో మణికట్టు లోపలి ఒత్తిడిని నేరుగా కొలిచారు. చెయ్యి మౌస్‌మీద ఊరికే ఉన్నప్పటికంటే, బొమ్మను పట్టి ఈడ్చేటప్పుడు ఒత్తిడి బాగా పెరిగింది. మూడు వేర్వేరు ఆకారాల మౌస్‌లు ఇచ్చి చూస్తే, మౌస్‌ను బట్టి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఏ మౌస్ అన్నదానికంటే దానితో ఏం చేస్తున్నాం, ఎంతసేపు చేస్తున్నాం అన్నదే పెద్ద విషయం. కొనబోయేవారు ముందు తెలుసుకోవలసింది ఇదే.

కంప్యూటర్ పనిలో ఎక్కువమందిని పట్టి పీడించేది నిజానికి మణికట్టు కాదు, మెడ, భుజాలు. చేతుల బరువును గంటల తరబడి గాల్లో మోసే కండరాలు అవే.

ఎత్తు

కుర్చీలో వెనక్కి ఆనుకుని, భుజాలు వదిలేసి, మోచేతులను పక్కలకు వేలాడనిచ్చి, ముంజేతులను నేలకు సమాంతరంగా పెట్టాలి. నేల నుంచి మోచేతి అడుగు దాకా టేపుతో కొలిపించుకోవాలి. వేళ్లు నిలిచే మధ్య వరుస ఆ ఎత్తులోనో, ఒకటి రెండు సెంటీమీటర్లు దిగువనో ఉండాలి. అయిదడుగుల రెండంగుళాల మనిషి పాదాలు నేలకు ఆనేలా కూర్చుంటే ఈ కొలత సుమారు 60 నుంచి 64 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. మన ఆఫీసు బల్లలు, ఇళ్లలోని డైనింగ్ టేబుళ్లు సాధారణంగా 72 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు. కీబోర్డు మందం దానికి అదనం. ఆ తేడాను శరీరం భుజాలు ఎగదీసి సర్దుకుంటుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. పొట్టివారికి, ముఖ్యంగా ఆడవాళ్లకు, ఈ బాధ ఎక్కువ. వాళ్లలో చాలామంది తప్పు మౌస్‌దే అనుకుంటారు.

సర్దుబాటు కుర్చీ ఉంటే దాన్ని పైకెత్తి, కాళ్లకింద పీట వేసుకోవాలి. ప్లాస్టిక్ కుర్చీ అయితే గట్టి దిండు, దానికి తగ్గ పీట. ఎత్తు పెంచిన కుర్చీలో కాళ్లు వేలాడితే తొడల అడుగున నొక్కుకుని తిమ్మిరెక్కుతాయి కాబట్టి పీటను విడిచిపెట్టకూడదు. బల్ల కిందికి బిగించే కీబోర్డు ట్రే మరో మార్గం. అయితే ట్రేమీద కీబోర్డు మాత్రమే పట్టి మౌస్ పైన బల్లమీదే ఉండిపోతే సగం సమస్య అలాగే మిగులుతుంది. రెండూ ఒకే మట్టంలో పట్టేంత వెడల్పు ట్రేకు ఉండాలి.

కీబోర్డు అడుగున వెనకవైపు రెండు మడత కాళ్లుంటాయి. పెట్టెలోంచి తీయగానే వాటిని తెరవడం మనకు అలవాటు. అవి కీబోర్డును మనవైపు వాలేలా చేస్తాయి, దాంతో మణికట్టు పైకి విరుగుతుంది. వాటిని మూసేయడం ఈ మొత్తం వ్యవహారంలో పైసా ఖర్చు లేని చికిత్స. ముందు అంచుకింద సన్నని బద్ద పెట్టి కీబోర్డును అవతలివైపుకు కాస్త వాల్చుకుంటే కొందరికి ఇంకా సుఖంగా ఉంటుంది. మెకానికల్ కీబోర్డులు చాలావాటికి ముందంచే మూడు సెంటీమీటర్ల దాకా లేచి ఉంటుంది కాబట్టి వాటికి ముందు అరచేతి దిండు అవసరమవుతుంది. ఆ దిండు టైపు చేస్తున్నప్పుడు ఆనడానికి కాదు, ఆగినప్పుడు వాలడానికి. ఆననిచ్చేది కూడా అరచేతి మడమను, మణికట్టు మడతను కాదు.

ముంజేతులకు ఆధారం దొరికితే భుజాలకు ఎంతో ఊరట. కాల్‌సెంటర్ ఉద్యోగులు 182 మందితో డేవిడ్ రెంపెల్ బృందం ఏడాదిపాటు సాగించిన ప్రయోగ ఫలితాలు 2006లో వచ్చాయి. కొందరికి బల్ల అంచుకు తగిలించే ముంజేతి పలక ఇచ్చారు, కొందరికి ట్రాక్‌బాల్, కొందరికి రెండూ. మెడ, భుజాల నొప్పి తగ్గించడంలో పలకకే స్పష్టమైన ఫలితం కనిపించింది. కీబోర్డును బల్ల అంచు నుంచి ఒక జానెడు లోపలికి జరిపి, ముంజేతులను బల్లమీదే వాలనిస్తే ఇంట్లోనూ ఇలాంటి ఆధారం దొరుకుతుంది. బల్ల మోచేతి మట్టంలో ఉంటేనే ఇది పనికొస్తుంది. గాజు బల్లల పదునైన అంచుమీద ఒక మెత్తని పట్టీ అతికించుకోవాలి.

దూరం

మీటల మధ్య దూరం దాదాపు అన్ని కీబోర్డుల్లోనూ 19.05 మిల్లీమీటర్లే, అంటే ముప్పావు అంగుళం. ఆ కొలతతో చిన్న లెక్క వేయవచ్చు. టైపు చేసేటప్పుడు జి, హెచ్ మీటల మధ్యగీత మన బొడ్డుకు ఎదురుగా ఉంటుంది. అంకెల గడి ఉన్న పూర్తి కీబోర్డులో ఆ గీత నుంచి కుడి అంచు దాకా సుమారు 30 సెంటీమీటర్లు. దాని అవతల మౌస్ మధ్యభాగం మరో ఎనిమిది సెంటీమీటర్లు. అంటే కుడిచేయి శరీర మధ్యరేఖ నుంచి దాదాపు 38 సెంటీమీటర్లు చాపి ఉండాలి. భుజం కొస మధ్యరేఖకు 20 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. మిగతా 18 సెంటీమీటర్లకు చేయి పక్కకు విచ్చుకుని ఉండాల్సిందే, రోజూ, పనివేళలన్నీ.

అంకెల గడి లేని, 87 మీటల కీబోర్డులో మౌస్ సుమారు 30 సెంటీమీటర్లకు వస్తుంది. బాణం మీటలను కూడా ఇమిడ్చిన పొట్టి కీబోర్డులో ఇంకో నాలుగైదు సెంటీమీటర్లు తగ్గుతుంది. మౌస్‌ను ఎడమవైపు పెట్టుకుంటే పూర్తి కీబోర్డుతోనే సుమారు 21 సెంటీమీటర్లు, సరిగ్గా భుజానికి ఎదురుగా. ఎడమచేతి వాటం ఉన్నవారికి మామూలు కీబోర్డు తెలియకుండానే చేసిన మేలు ఇది. కుడిచేతివారు కూడా నేర్చుకోవచ్చు. రెండువైపులా ఒకేలా ఉన్న మౌస్ తీసుకుని, సెట్టింగుల్లో మీటలు తారుమారు చేసుకుంటే కొన్ని వారాల్లో చెయ్యి తిరుగుతుంది. కుడిభుజం నొప్పితో బాధపడేవారికి ఏ కొత్త పరికరం కంటే ముందు ఈ మార్పునే సూచించాలి.

అంకెల గడి వదులుకోలేనివారున్నారు. రోజంతా ట్యాలీలో పద్దులు ఎక్కించే అకౌంటెంట్లు, బ్యాంకు కౌంటర్లలోని వారు. యూఎస్‌బీ తీగతో విడిగా వచ్చే అంకెల గడి వారికి చక్కని ఉపాయం. పొట్టి కీబోర్డుకు ఎడమపక్కన దాన్ని ఉంచితే మౌస్ దగ్గరికొస్తుంది, అంకెలు వేరే చేతికి మారతాయి. వేగం అలవాటయ్యేదాకా పాత పద్ధతిలోనే కుడివైపు పెట్టుకుని, మౌస్‌తో పని పడినప్పుడు పక్కకు నెట్టేయడమూ ఒక పద్ధతే.

మీటల బరువు

కొన్ని వందల రూపాయలకు దొరికే కీబోర్డులు, ఆఫీసుల్లో టోకున కొనేవి ఎక్కువగా రబ్బరు బొడిపెలవి. మీటకింద చిన్న రబ్బరు గిన్నె బోర్లించి ఉంటుంది. వేలు నొక్కగా నొక్కగా అది ఒక్కసారిగా కుంగి, అడుగున ఉన్న పొరలను కలిపినప్పుడే అక్షరం పడుతుంది. అంటే ప్రతి అక్షరానికీ మీటను అట్టడుగు దాకా నొక్కక తప్పదు. వేలు గట్టి పలకను తాకి ఆగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిబడి, కొన్ని మీటలు మొరాయిస్తాయి. అప్పుడు వేళ్లు అన్ని మీటలనూ అదే కసితో కొట్టడం నేర్చుకుంటాయి.

మెకానికల్ కీబోర్డులో ప్రతి మీటకూ సొంత స్విచ్చు, అందులో స్ప్రింగు. జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ 1980ల్లో తెచ్చిన ఎంఎక్స్ స్విచ్చులే నేటికీ కొలబద్ద. వాటి పేటెంట్లు ముగిశాక గేటెరాన్, కైల్ వంటి చైనా సంస్థలు అదే నమూనాలో చౌకగా తయారుచేస్తున్నాయి. ఎర్ర స్విచ్చు సుమారు 45 గ్రాముల బరువుకు, రెండు మిల్లీమీటర్లు దిగగానే అక్షరం పంపేస్తుంది. అడుగుకు చేరడానికి మరో రెండు మిల్లీమీటర్లు మిగిలే ఉంటాయి. గోధుమరంగు స్విచ్చు మధ్యలో చిన్న గతుకుతో ‘అక్షరం పడింది’ అని వేలికి చెబుతుంది. నీలం స్విచ్చు ఆ మాటను గట్టి చప్పుడుతో చెబుతుంది. నలుగురు కూర్చునే గదిలో నీలం పనికిరాదు. 1985లో వచ్చిన ఐబీఎం మోడల్ ఎం కీబోర్డుకు ఇప్పటికీ అభిమానులున్నారు. దాని గడుసు స్ప్రింగుల స్పర్శ గొప్పదే, కానీ నొప్పి ఉన్న వేళ్లకు ఆ బరువు నప్పదు.

తేలిక మీటలు కొంటే చాలదు, తేలిగ్గా కొట్టాలి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో థామస్ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం 1994లో కొలిచినప్పుడు, టైపు చేసేవారు అవసరమైన దానికి రెండున్నర నుంచి దాదాపు నాలుగు రెట్ల బలం వాడుతున్నట్టు తేలింది. గతుకున్న స్విచ్చు ఇక్కడ సాయపడుతుంది. గతుకు తగలగానే వేలిని వెనక్కి తీసుకోవడం సాధన చేస్తే అడుగుకు కొట్టే అలవాటు నెమ్మదిగా వదులుతుంది. మరీ తేలికైన స్విచ్చుమీద వేలు ఆనించడానికే భయపడి గాల్లో బిగబట్టేవారూ ఉన్నారు. వారికి కాస్త బరువైనదే హాయి. ఈ ఒక్క విషయంలో చెప్పుడు మాటలు పనికిరావు, వేళ్లతో చూసుకోవాల్సిందే. హైదరాబాద్, విజయవాడ వంటి చోట్ల కంప్యూటర్ దుకాణాల్లో ప్రదర్శనకు పెట్టిన వాటిమీద ఒక పేరా పూర్తిగా టైపు చేసి చూడటానికి మొహమాటపడకూడదు.

రెండుగా చీలిన కీబోర్డులు

మామూలు కీబోర్డుమీద రెండు చేతులనూ దగ్గరికి తెచ్చి, మణికట్లను బయటికి వంచి, అరచేతులను బోర్లించి పెట్టాలి. దీన్ని సరిచేయాలని జర్మనీలో క్లోకెన్‌బర్గ్ 1926లోనే మీటలను రెండు ముక్కలు చేయమని ప్రతిపాదించాడు. కార్ల్ క్రోమర్ 1972లో ప్రయోగాలతో దాన్ని బలపరిచాడు. బ్రిటన్‌లో లిలియన్ మాల్ట్, స్టీఫెన్ హాబ్‌డే 1970ల్లో గిన్నెలా లోతైన మాల్ట్రాన్ కీబోర్డు చేశారు. జనంలోకి వెళ్లింది మాత్రం 1994లో వచ్చిన మైక్రోసాఫ్ట్ నేచురల్ కీబోర్డుతోనే. చేతినొప్పి ఉన్న 80 మందికి నాలుగు రకాల కీబోర్డులిచ్చి చూసిన 1999 నాటి అధ్యయనంలో ఈ నేచురల్ వాడినవారికే మేలు కనిపించింది. అదీ ఆరు నెలలు గడిచాక. వారం వాడి పెదవి విరిచేవారు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

వీటిలో ఒకే పలకపై విచ్చుకున్నట్టు ఉండేవి నేర్చుకోవడానికి తేలిక. లాజిటెక్ ఎర్గో కె860 ఈ కోవలోది. పూర్తిగా రెండు ముక్కలుగా విడిపోయేవాటిని భుజాల వెడల్పుకు జరుపుకోవచ్చు, మధ్యలో మౌస్‌నో, రాసుకునే పుస్తకాన్నో పెట్టుకోవచ్చు. కైనెసిస్, జెడ్‌ఎస్‌ఏ సంస్థలవి ఇలాంటివే. మనదేశంలో తెప్పించుకోవడానికి ఖర్చు చాలా ఎక్కువ, మరమ్మతు కష్టం. బి మీటను కుడిచేత్తో కొట్టే అలవాటున్నవారికి చీలిన కీబోర్డులో అది ఎడమముక్కలో ఉండిపోయి మొదట్లో చికాకు పెడుతుంది. చూడకుండా టైపు చేయడం రానివారికి, అంటే రెండు మూడు వేళ్లతో వెతుక్కుంటూ కొట్టేవారికి, చీలిన కీబోర్డు దాదాపు వృథా. వాళ్ల చేతులు ఎలాగూ ఒకచోట నిలవవు.

అక్షరాల వరుస మార్చడం మరో దారి. ఆగస్ట్ డ్వొరాక్ 1936లో పేటెంట్ పొందిన వరుస, 2006 నాటి కోల్‌మాక్ వేళ్ల ప్రయాణాన్ని తగ్గిస్తాయన్నది నిజమే. ఇంగ్లిష్‌లో విపరీతంగా రాసేవారికి ఆలోచించదగ్గవే. కానీ నొప్పికి మందుగా వాటిని ఎంచుకోవడం తొందరపాటు. ఎత్తు, దూరం సరికాని చోట అక్షరాలు ఏ వరుసలో ఉన్నా ఒకటే.

తెలుగు టైపు చేసేవారికి

భారతీయ భాషలకు ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల లేఅవుట్‌ను భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రామాణికంగా రూపొందించింది. అందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లుల్లో ఎక్కువభాగం కుడిచేతికి వస్తాయి. ‘కాకి’ రాయాలంటే కె, ఇ, కె, ఎఫ్ మీటలు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ‘రాజు’ కూడా అంతే. తెలుగు మాట నడకే హల్లు, అచ్చు, హల్లు, అచ్చు కాబట్టి చేతులు వంతులవారీగా పనిచేస్తాయి. ఒక చేయి కొడుతుంటే మరొకటి తేరుకుంటుంది. ఒత్తులకు వాడే పొల్లు గుర్తు డి మీటమీద, ఎడమచేతి బలమైన మధ్యవేలి కిందనే ఉంది. ‘అక్క’ అనడానికి షిఫ్ట్‌తో డి, తర్వాత కె, డి, కె. లేఖిని వంటి పద్ధతుల్లో ఇంగ్లిష్ అక్షరాలతో ‘కాకి’ కొడితే అయిదు మీటలవుతాయి. రోజుకు పేజీల కొద్దీ తెలుగు రాసేవారికి ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడమే ఒక ఎర్గొనామిక్ పెట్టుబడి.

దానికీ ఒక లోపముంది. కుడి చిటికెన వేలిమీద భారం ఎక్కువ. జ, చ, ట, డ, య అన్నీ ఆ వేలివే: పి, సెమీకోలన్, అపాస్ట్రఫీ, చదరపు బ్రాకెట్, స్లాష్ మీటలు. ఇక్కడే పొట్టి కీబోర్డులు కొనేవారు దెబ్బతింటారు. నలభై, నలభైరెండు మీటల బుల్లి కీబోర్డుల్లో, కొన్ని చీలిన రకాల్లో బ్రాకెట్ మీటకు చోటుండదు. దాన్ని వేరే పొరలో దాస్తారు. ఇంగ్లిష్ రాసేవారికి బ్రాకెట్ ఎప్పుడో గాని అవసరపడదు, తెలుగు రాసేవారికి అది ‘డ’. ప్రతి ‘డ’కూ రెండు మీటలు నొక్కాల్సి వస్తే ఆ కీబోర్డు ఎంత అందంగా ఉన్నా తెలుగుకు పనికిరాదు. కొనేముందు కుడివైపు చివరి మీటలను బొమ్మలో లెక్కపెట్టి చూసుకోవాలి. అను స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌తో పేజ్‌మేకర్‌లో పనిచేసి, అందులోని ఆపిల్, మాడ్యులర్ లేఅవుట్లకు చేయి తిరిగిన డీటీపీ ఆపరేటర్లు మామూలు అమరిక ఉన్న 87 మీటల కీబోర్డు తీసుకోవడం క్షేమం.

మౌస్ రకాలు

మౌస్ చేతికి సరిపోవాలి. మధ్యవేలి కొస నుంచి మణికట్టు గీత దాకా కొలిస్తే 17 సెంటీమీటర్లకు లోపుంటే చిన్న చెయ్యి, 19 దాటితే పెద్దదని స్థూలంగా అనుకోవచ్చు. లాప్‌టాప్ సంచిలో పట్టాలని చేసిన చిట్టి మౌస్‌లు పెద్ద చేతిని గోళ్లతో పట్టుకున్నట్టు ముడుచుకునేలా చేస్తాయి. ప్రయాణాలకు తప్ప అవి వద్దు.

అరచేతిని బోర్లించినప్పుడు ముంజేతిలోని రెండు ఎముకల్లో ఒకటి మరొకదాని మీదుగా అడ్డంగా తిరుగుతుంది. ఎడమచేతితో కుడి ముంజేతిని పట్టుకుని అరచేతిని తిప్పి చూస్తే ఆ కదలిక వేళ్లకు తెలుస్తుంది. నిలువు మౌస్ ఈ మెలికను తగ్గిస్తుంది. లాజిటెక్ ఎంఎక్స్ వర్టికల్, చిన్న చేతులకు చేసిన లిఫ్ట్, రెండూ 57 డిగ్రీల వాలుతో ఉంటాయి. ముంజేయి పైభాగం లాగినట్టు నొప్పి పెట్టేవారికి ఇది చాలాసార్లు ఉపశమనం ఇస్తుంది. క్లిక్ చేసినప్పుడు మౌస్ పక్కకు జరగకుండా బొటనవేలితో అడ్డుపెట్టాలి కాబట్టి ఆ వేలు నొప్పి ఉన్నవారికి మాత్రం తగదు. చిన్న గురిమీద పెట్టడంలో మొదట్లో చేయి తడబడుతుంది, ఫొటోషాప్ పనివారు ఇది ఆలోచించుకోవాలి.

ట్రాక్‌బాల్‌తో చేయి కదలదు, బంతి తిరుగుతుంది. ఇరుకు బల్లకు, భుజం నొప్పికి మంచిది. బొటనవేలితో తిప్పేవాటిని నేర్చుకోవడం తేలికే గాని, ఫోన్ వాడి వాడి అప్పటికే అలిసిన బొటనవేలికి అది మరో బరువు. కెన్సింగ్టన్ ఎక్స్‌పర్ట్ వంటి పెద్ద బంతిని మూడు నాలుగు వేళ్లు పంచుకుంటాయి, దీర్ఘకాలానికి అదే మేలు. బంతి కింద పేరుకునే దుమ్మును వారానికోసారి తుడవాలి. కీబోర్డుకు ముందు, బొటనవేళ్ల కిందనే ఉండే పొడవాటి రోలర్ పరికరాలు దూరం సమస్యను పూర్తిగా తీసేస్తాయి, ధర వేలల్లో. థింక్‌ప్యాడ్ లాప్‌టాప్‌లలో 1992 నుంచి వస్తున్న, పాయింటర్‌ను నడిపే ఎర్ర బొడిపె మీటల మధ్యనే ఉంటుంది. దాంతో చేయి కదలదు, ఒక్క చూపుడువేలు పనిచేస్తుంది.

ఏ రకమైనా, పాయింటర్ వేగాన్ని కాస్త పెంచుకోవాలి. తెర ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లడానికి చేయి రెండుసార్లు ఎత్తి పెట్టాల్సి వస్తుంటే వేగం చాలదన్నమాట. బాగా హాని చేసే పని మీట నొక్కిపట్టి ఈడ్చడం గనుక విండోస్ మౌస్ సెట్టింగుల్లో క్లిక్‌లాక్ పెట్టుకుంటే ఒకసారి కాసేపు నొక్కి వదిలి, ఆపైన తేలిక చేత్తో ఈడ్వవచ్చు. కాపీ, పేస్ట్, సేవ్, కిటికీలు మార్చడం వంటివి మీటలతో చేస్తే మౌస్ గంటలు తగ్గుతాయి. డెన్మార్క్ అధ్యయనం చెప్పిన 20 గంటల లెక్కను తగ్గించుకోవడానికి ఇంతకంటే సూటి మార్గం లేదు.

లాప్‌టాప్‌ను మాత్రమే వాడేవారికి తెర కళ్ల ఎత్తులో ఉంటే మీటలు మరీ పైనుంటాయి, మీటలు సరిపోతే మెడ వంగుతుంది. లావుపాటి పుస్తకాల మీద లాప్‌టాప్ ఎత్తి, విడిగా ఒక కీబోర్డు, మౌస్ తగిలించడం తప్ప దీనికి మందు లేదు.

నొప్పి మొదలయ్యాక

కొత్త పరికరం తెచ్చుకుంటే ఒకసారి ఒక్కదాన్నే మార్చాలి. కుర్చీ, కీబోర్డు, మౌస్ మూడూ ఒకేరోజు మారిస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు. మొదటి వారం రోజుకు గంటో రెండు గంటలో వాడి, మిగతా సమయం పాతదే వాడితే కండరాలు సర్దుకుంటాయి. తిరిగి తీసుకునే గడువున్న చోట కొనడం మంచిది.

ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయో గమనించడం చాలా ఉపయోగం. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయితే, అందులోనూ రాత్రి నిద్రలో తిమ్మిరితో మెలకువ వస్తుంటే, అనుమానం మణికట్టు మీదికి పోవాలి. చిటికెన వేలు, దాని పక్కది అయితే మోచేతి దగ్గరి అల్నార్ నరం నలుగుతున్నట్టు. కుర్చీ చేతిమీదో బల్ల అంచుమీదో మోచేయి ఆనించి కూర్చునేవారికి ఇది వస్తుంది, దానికి మౌస్ మార్చి లాభం లేదు, మోచేతికింద గట్టి అంచు తీసేయాలి. వేళ్లలో పట్టు తగ్గి వస్తువులు జారిపోతున్నా, తిమ్మిరి వారాల తరబడి వదలకపోయినా డాక్టర్‌ను చూడాలి. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భధారణ కూడా మణికట్టు నరాన్ని నొక్కే స్థితిని తెస్తాయి కాబట్టి కారణం బల్లమీదే ఉందని ముందే తేల్చుకోకూడదు. నరం ఎంత వేగంగా సంకేతాలు పంపుతోందో కొలిచే పరీక్ష చేస్తారు. తొలిదశలో రాత్రిపూట మణికట్టును నిటారుగా నిలిపే పట్టీ కట్టుకోమంటారు, ముదిరితే టన్నెల్ పైనున్న గట్టి పట్టీని కోసి నరానికి చోటిచ్చే చిన్న ఆపరేషన్ ఉంటుంది.